ఉప్పునీళ్ల క్యాన్‌లో నురగ

నూనె బావుల రసాయనాల పనిలోకి కొత్తగా వెళ్తున్న పిల్లలు ఈ మధ్య మంచిర్యాలలో మా ఇంటికి వస్తున్నారు. ఏ పుస్తకం చదవాలి, ఏ యంత్రం నేర్చుకోవాలి, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు అని అడుగుతారు. తెలిసింది చెబుతాను, టీ తాగి పోతారు. వాళ్లు వెళ్లాక, చెప్పాల్సింది చెప్పలేదే అనిపిస్తుంది. ఆ చెప్పాల్సింది ఒక కుంకుడు రసం సీసా సంగతి. రిటైరై రెండేళ్లు దాటింది. ఇప్పటికీ ఏ కుంకుడుకాయ కంటబడ్డా నా గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది. నవ్వుకోండి, పర్వాలేదు. పూర్తిగా చదివాక మీరు కూడా నవ్వలేరు.

రాయి, నూనె, నీళ్లు

మా బాపు నస్పూర్ దగ్గర బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఆయన డ్యూటీ దిగి వస్తే బట్టలు ఉతకడం మా అవ్వకు పెద్ద పరీక్ష. బకెట్లో ముంచితే బొగ్గుపొడి తడిసేది కాదు, నీళ్ల మీద నల్లగా తేలుతుండేది. అవ్వ గుప్పెడు కుంకుడుకాయలు పిసికి ఆ రసం పోసేది. చూస్తుండగానే పొడి మునిగేది. "బొగ్గుకు నీళ్లంటే గిట్టది బిడ్డా, నడుమ ఎవలో ఒకలు సముదాయించాలె" అనేది.

నా ఉద్యోగం మొత్తం అవ్వ చెప్పిన ఆ ముక్కే. ఆ సముదాయించేదాన్ని మేం సర్ఫాక్టెంట్ అంటాం. మంచిర్యాల శివారులో ఒక చిన్న కంపెనీ గనుల్లో బొగ్గుపొడి లేవకుండా చల్లే మందు తయారుచేసేది. నేను అక్కడ ల్యాబ్ కెమిస్టుగా చేరాను, ఇన్‌ఛార్జిగా దిగాను. మధ్యలో ఎలా ఎక్కానన్నది మీకు అక్కర్లేదు.

బొగ్గు మందు చేసేవాళ్లం నూనె బావుల దాకా ఎలా వెళ్లామంటే, ఒక నూనె కంపెనీ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ల బావుల్లోది మామూలు ఇసుకరాయి కాదు. అందులోనైతే నూనె సందుల్లోంచి కాస్త సులువుగా నడిచి వస్తుంది. వీళ్లది షేల్ రాయి, సందులు మామూలు మైక్రోస్కోపుకు కూడా కనిపించనంత సన్నవి. ఒత్తిడితో నీళ్లు పంపి రాయిని చీలిస్తే కొన్నాళ్లు నూనె వస్తుంది, ఆ తర్వాత సన్నగిల్లుతుంది. లోపల బోలెడంత నూనె రాయిని కరుచుకుని ఉండిపోతుంది. ఆ నీళ్లలో సరైన సర్ఫాక్టెంట్ కలిపితే నీళ్లు రాయిలోకి ఇంకుతాయి, నూనెను బయటికి నెడతాయి. ఆ సరైనది ఏదో కనిపెట్టి చెప్పడమే మా పని.

పరీక్ష చూడటానికి తేలికే. బొటనవేలంత రాతిముక్కకు వారాల తరబడి ఒత్తిడి మీద నూనె పట్టించి, గాజుబుడ్డిలో పెట్టి, మందు కలిపిన ఉప్పునీళ్లు నింపి, బావి లోపలి వేడి ఎంతో అంత వేడి ఉన్న పెట్టెలో ఉంచుతాం. బుడ్డికి సన్నటి పొడవాటి మెడ, దాని మీద గీతలు. రాయిలోంచి బయటపడ్డ నూనె తేలి మెడలో చేరుతుంది. రోజూ పొద్దున్నే వెళ్లి గీత చూసి రాసుకోవాలి. చేతిలో మంచి మందు పడినరోజు ఆ మెడలో గోధుమరంగు నూనె పేరుకుంటుంటే సొంత పంట చూసుకున్నట్టుంటుంది.

గంగాధర్ సార్

మా కంపెనీ నడిపింది గంగాధర్ సార్. ఆయన తిట్లు గేటు దాకా వినబడేవి. నా మొదటి పరీక్షలన్నీ కుళాయి నీళ్లతో చేసి, మందు అద్భుతమని మురిసిపోయాను. బావి నుంచి తెచ్చిన అసలు నీళ్లు పోసేసరికి మందు విరిగిన పాలలా ముద్దలు కట్టింది. ఆ నీళ్లలో ఉన్న ఉప్పులు అలాంటివి. గంగాధర్ సార్ బుడ్డి ఎత్తి చూసి, "శామ్యూల్, వాళ్ల బాయిల గోదారి పారుతదా? ఎవని నీళ్లు వానికి పొయ్యాలె కదనయ్యా" అన్నాడు. ఆ రోజు నుంచి బావి నీళ్లలో ఏ ఉప్పు ఎంత ఉందో అంతే వేసి, ఒక పెద్ద ప్లాస్టిక్ క్యాన్‌లో కలిపి పెట్టుకునేవాణ్ణి. ప్రతి బుడ్డిలోకీ ఆ క్యాన్‌లోంచే. ఆ క్యాన్‌ను గుర్తుపెట్టుకోండి.

ఆయన మంచి బాసే. కానీ ఒక్క తప్పు ఆయన చెబితే నేను తలూపాను, ఆ తలూపడం నా తప్పు. ప్రతి పరీక్షలోనూ మందు కలపని, ఉత్త ఉప్పునీళ్ల బుడ్డి ఒకటి పెట్టాలి. దాన్ని బ్లాంక్ అంటాం. అందులో నూనె రాకూడదు. రాకపోతేనే పక్క బుడ్డిలో వచ్చిన నూనె మందు వల్ల వచ్చిందని నమ్మాలి. రాతిముక్కలేమో నూనె కంపెనీవాళ్లు లెక్కపెట్టి పంపేవారు. మొదటి విడతలో బ్లాంక్ నుంచి చుక్క కూడా రాలేదు. అది చూసి గంగాధర్ సార్, "ఉత్త నీళ్లకు నూనె రాదని గోడ మీది బల్లికి సుత తెలుసు. దానికి ఒక రాయి దండుగ చేస్తవా?" అన్నాడు. సరేనన్నాను. తర్వాతి విడతల్లో బ్లాంక్ పెట్టలేదు. మీకు బాస్ ఎంత మంచివాడైనా సరే, బ్లాంక్ తీసేయమంటే గొంతు చించుకుని అరవండి. నేను అరవలేదు.

నేను అరిచే సంగతి వేరే ఉండేది. మా ల్యాబులో పేరు లేని సీసా ఉండకూడదు. లేబుల్ మీద పేరు, ఎందుకు వాడతారో, తేదీ, కింద నా సంతకం. ఈ విషయంలో నేను చండశాసనుణ్ణి. ఒకసారి లేబుల్ లేదని గంగాధర్ సార్ తాగే నీళ్ల సీసానే సింకులో పారబోశాను. ల్యాబంతా వారం రోజులు ఆ ముచ్చటే.

రూతమ్మ

మొదటి విడత అయ్యాక పాత అటెండరు మానేసి రూతమ్మ చేరింది. మా చర్చి మనిషే, నస్పూర్. భర్త గనిలో నడుము విరిగి మంచాన పడ్డాడు. ఇల్లు ఆమె రెక్కల మీదే నడవాలి. పని ఇప్పించింది నేనే. చర్చిలో 'అన్నా' అని పిలిచేది, ల్యాబులో అడుగుపెడితే 'సార్'.

గాజుసామాను కడగడం ఆమె పని. మొదటిరోజే చెప్పాను: "సబ్బు ముట్టొద్దు. బట్టల పొడి ముట్టొద్దు. యాసిడ్ నీళ్లతో కడిగి, డిస్టిల్డ్ నీళ్లు పొయ్యి. ఆ నీళ్లు మాత్రం పొదుపుగ వాడు." ఎందుకు వద్దో చెప్పలేదు. సబ్బు కూడా సర్ఫాక్టెంటే, పిసరంత మిగిలినా మా పరీక్షంతా బూడిదపాలవుతుందని చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది. బీయస్సీ చదవని మనిషికి అవన్నీ ఎందుకులే అనుకున్నాను. ఇలా రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది.

గ్లౌజులు ఆమె చేతులకు చిన్నవయ్యేవి, చిరిగిపోయేవి. పెద్దవి తెప్పించమని రెండుసార్లు అడిగింది. చూద్దాం అన్నాను. యాసిడ్ నీళ్లకు ఆమె అరచేతులు పగిలాయి. అదీ చూశాను.

బ్లాంక్ బుడ్డిలో నూనె

మొదటి విడతలో మా మందు అంతంతమాత్రంగా పనిచేస్తే పాళ్లు మార్చాం. రూతమ్మ వచ్చాక చేసిన పరీక్షల్లో అది ఇరగదీసింది. మెడలో నూనె గీత తర్వాత గీత ఎక్కుతుంటే నేను నేల మీద నడవలేదు. రిపోర్టు పంపాం. నూనె కంపెనీ వాళ్లు పొంగిపోయి, రెండు వారాల్లో ఒక బావిలోకి మా మందు పంపు చేస్తామన్నారు.

ఆ విడతకు పంపిన రాళ్లలో నూనె పట్టించినది ఒకటి మిగిలింది. ఊరికే ఉండటమెందుకని, ఉత్త ఉప్పునీళ్లు పోసి వేడిపెట్టెలో పెట్టాను. నాలుగో రోజు పొద్దున పెట్టె తలుపు తీసి మెడ వైపు చూశాను.

నూనె ఉంది. చుక్క కాదు, రెండు చుక్కలు కాదు. మా మందు పోసిన బుడ్డిలో నాలుగోరోజుకు ఎంత వచ్చిందో దాదాపు అంత ఉంది.

నేను తలుపు మూసి మళ్లీ తీశాను. బుడ్డి మారిందేమో అనుకున్నాను, మారలేదు. మందు పొరపాటున పోశానేమోనని నా నోటుబుక్కు చూశాను, పోయలేదు. స్టూలు లాక్కుని కూర్చుని ఆ మెడనే చూస్తూ ఉండిపోయాను. మందు లేకుండా నూనె వచ్చిందంటే, నేను పంపిన రిపోర్టుకు అర్థమేమిటి?

లేచి ఉప్పునీళ్ల క్యాన్ తీసి ఊపాను. ఉప్పునీళ్లను ఊపితే బుడగలు లేస్తాయి, వెంటనే చచ్చిపోతాయి. ఇవి చావలేదు. తెల్లటి నురగ, వేలెడంత మందాన, క్యాన్ మూతి కింద అలాగే నిలబడింది. మందు కలిపిన బుడ్డుల్లో నురగ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఇన్నాళ్లూ నాకు అనుమానమే రాలేదు. మందు కలపని క్యాన్‌ను ఊపి చూడాలని ఎవరికి తోస్తుంది?

రూతమ్మను పిలిచాను. "ఈ క్యాన్ దేనితోని కడిగినవ్?"

"కుంకుడు రసంతోని సార్" అంది. "మూతి సన్నగున్నది, లోపలికి బ్రష్ పోతలేదు. రసం పోసి మంచిగ ఊపిన."

"సబ్బు ముట్టద్దన్న కదా!"

"సబ్బు ముట్టలే సార్." ఆమె మొహంలో భయం లేదు, గర్వమే ఉంది. "గది చెట్టు కాయ. చొప్పదండిల మా అవ్వగారింటి చెట్టుది. యాసిడ్ పోస్తె చేతులు మండుతున్నయ్, గందుకే బుడ్లను సుత దాంతోనే కడుగుతున్న. సబ్బు కంటె శుద్ధంగ పోతది సార్, చూడున్రి ఎట్ల మెరుస్తున్నయో."

నిజమే, మెరుస్తున్నాయి. అవ్వ బొగ్గు బట్టల బకెట్టు నా కళ్ల ముందుకొచ్చింది. కుంకుడు రసం ఏం చేస్తుందో ఈ భూమ్మీద ఎవరికైనా తెలియకపోవచ్చు, నాకు తెలియదనడానికి వీల్లేదు. డిస్టిల్డ్ నీళ్లు పొదుపుగా వాడమన్నది కూడా నేనే. ఆమె ఒక్కసారి తొలిచి ఊరుకునేది. మిగిలిన రసం క్యాన్ అడుగునే ఉండేది.

ఎవరికీ చెప్పకుండా కొత్త క్యాన్ తెప్పించాను, బుడ్లు నా చేతులతో కడిగాను. వాడిన రాళ్లలో రెండింటిని శుభ్రం చేసి మళ్లీ నూనె పట్టించడానికి వారాలు పట్టేది, అంత టైము లేదు. తర్వాతి విడత కోసం అప్పటికే నూనె పట్టించి పెట్టిన ముక్కల్లోంచి రెండు తీశాను. ఒకదాని బుడ్డిలో మా మందు కలిపిన ఉప్పునీళ్లు, రెండోదాని బుడ్డిలో ఉత్త ఉప్పునీళ్లు. నాలుగు రోజులు ఆగాను. బ్లాంక్‌లో ఏమీ రాలేదు. మా మందు బుడ్డిలో మెడ అంచున సన్నటి చార, అంతే. ఇన్నాళ్లూ రాయిలోంచి నూనె లాగింది మేం అమ్మబోతున్న మందు కాదు. చొప్పదండి కుంకుడుకాయ.

నా నోట వచ్చిన పేరు

గంగాధర్ సార్ గదిలోకి వెళ్లి, క్యాన్‌లో కుంకుడు రసం కలిసిన సంగతి చెప్పాను. మొదట ఆయన పెద్దగా నవ్వాడు. "అయితె మన మందు బంద్ పెట్టి కుంకుడుకాయలు అమ్ముకుందామా?" అన్నాడు. అన్ని వేల లీటర్లు ఎక్కడ తెస్తాం, బావి వేడికి నెలల తరబడి ఎక్కడ నిలుస్తుంది అన్నాను. నా మొహం చూశాక ఆయన నవ్వు ఆగింది.

"ఎవలు చేసిన్రు గీ పని?"

ఇక్కడ నన్ను జాగ్రత్తగా చూడండి. బ్లాంక్ తీసేయడానికి తలూపింది నేను. ఎందుకో చెప్పకుండా సబ్బు వద్దన్నది నేను. గ్లౌజులు తెప్పించనిది నేను. ఇవన్నీ నాకు ఆ క్షణంలో తెలుసు. అయినా నా నోట్లోంచి, నేను ఆలోచించకముందే, "రూతమ్మ" అని వచ్చింది. ఆ మాట నా గొంతుదేనా అని నాకే అనుమానం వచ్చింది. వెనక్కి తీసుకోవడానికి ఒక్క నిమిషం ఉంది. ఆ నిమిషం నేను మాట్లాడలేదు.

"రేపటి సంది రావద్దని చెప్పు" అన్నాడు.

తర్వాత ఆయన చేసింది కూడా రాయాలి. నా ముందే నూనె కంపెనీ ఇంజనీరుకు ఫోన్ చేశాడు. "మా రిపోర్టు తప్పు. పంపు ఆపున్రి. తప్పు మాది" అన్నాడు. అంతే, ఎవరి పేరూ చెప్పలేదు. అవతలివాడు ఏవేవో అడుగుతుంటే, "మాది అన్న కద సార్, మాదే" అని పెట్టేశాడు. ఆ కంపెనీ మళ్లీ మా గడప తొక్కలేదు. తన మీద వేసుకోవడమంటే ఏమిటో ఆయన నా కళ్లెదుట చేసి చూపించాడు. అప్పటికి నేను నా వంతు తప్పు సింకు దగ్గరున్న మనిషి మీదికి నెట్టేసి ఉన్నాను.

రూతమ్మకు చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "సరే సార్" అంది. సింకు కింద వంగి ఏదో తీసి సంచిలో వేసుకుంది. టిఫిన్ డబ్బా అనుకున్నాను.

ఆదివారం మా చర్చిలో ప్రభురాత్రి భోజనం. ఆడవాళ్లు ముందు వెళ్లి మోకరిల్లారు. రూతమ్మ రొట్టె కోసం రెండు చేతులూ చాచింది. నేను కూర్చున్న చోటికి ఆ అరచేతుల పగుళ్లు కనబడ్డాయి. మగవాళ్ల వంతు వచ్చినప్పుడు పక్కనున్నవాళ్లు లేచారు. నా కాళ్లు లేవలేదు. బాప్తిస్మం పొందిన నాటి నుంచి అలా ఎప్పుడూ జరగలేదు.

సీసా

చర్చి విడవగానే ఇంటికి పోకుండా నేరుగా ఆమె ఇంటికి వెళ్లాను. లోపల మంచం మీది నుంచి భర్త తల తిప్పి చూశాడు. రూతమ్మ కుర్చీ వేసింది. "కూసోన్రి సార్" అంది. చర్చి బట్టల్లోనే ఉంది, అయినా 'అన్నా' అనలేదు.

ఏం మాట్లాడాలో తెలియక, "జర గిలాసల నీళ్లియ్యి. కొంచెం బొగ్గుపొడి, రెండు కుంకుడుకాయలు కావాలె" అన్నాను. నస్పూర్‌లో బొగ్గుపొడికి కరువా, పొయ్యి పక్కనే ఉంది. గ్లాసులో పొడి వేశాను, తేలింది. కుంకుడు రసం రెండు చుక్కలు వేశాను, చూస్తుండగానే మునిగింది. రాయి సంగతి, నూనె సంగతి, సబ్బు ఎందుకు వద్దన్నానో, అంతా చెప్పాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆమె గ్లాసు చేతిలోకి తీసుకుని అడుగుకు చేరిన పొడిని చూసింది. "అంటె సబ్బైనా కుంకుడైనా ఒక్కటే పని చేస్తయి. నా రసం పోయి రాయిల ఉన్న నూనెను బయటికి తోలింది. మీరేమో మీ మందే తోలిందనుకున్నరు."

"అవును."

"గిది మొదలు రోజే చెప్తె అయిపోవు కద సార్. నాకు తెల్వకపోయేదా?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. తనే మళ్లీ అంది: "అయినా నేను అడిగిన కద సార్."

"ఎప్పుడడిగినవ్?"

ఆమె లోపలికి వెళ్లి సంచిలోంచి ఒక సీసా తెచ్చి నా చేతికిచ్చింది. అడుగున ఇంకా కొంచెం రసం ఉంది. సీసాకు మా ల్యాబు లేబుల్. 'కుంకుడు రసం. గాజు కడగడానికి.' తేదీ. కింద నా సంతకం.

నా రాత నేను గుర్తుపట్టనా? సున్నాకు తోక పెట్టే నా అలవాటు కూడా అందులో ఉంది.

"పేరు లేని సీస పెడితె తిడ్తరని మీ దగ్గరికే పట్టుకొస్తి" అంది రూతమ్మ. "దీంతోని కడగొచ్చా సార్ అన్న. మీరు ఫోన్‌ల మాట్లాడుకుంటనే రాసి సంతకం పెట్టిన్రు. ఊ అన్నరు."

నాకు అది ఏమాత్రం గుర్తు లేదు. ఇప్పటికీ గుర్తుకు రాదు. లేబుల్ ఉందా లేదా అని చూశానే తప్ప, అందులో ఏముందో నేను చదవలేదు. నా చేతులే రాశాయి, నేను చదవలేదు.

"మరి గంగాధర్ సార్‌కు ఇది ఎందుకు చూపెట్టలే?" అన్నాను.

"సింకు కింద ఉంటె ఎవలన్న చూస్తరు, మీ మీదికొస్తదని సంచిల ఏసుకొస్తి" అంది. "మీరే చెప్తరనుకున్న సార్."

మర్నాడు పొద్దున ఆ సీసాను గంగాధర్ సార్ బల్ల మీద, లేబుల్ ఆయన వైపు తిరిగేలా పెట్టాను. చదివాడు. నన్ను చూశాడు, మళ్లీ చదివాడు. "శామ్యూల్, గిదేందయ్యా" అన్నాడు. తిట్టలేదు. ఆయన తిట్టకపోవడం అదొక్కసారే చూశాను. "పో, పొయ్యి ఆమెను తోల్కరా. బతిమాలుకో" అన్నాడు.

నాలుగు రోజులు బతిమాలితే వచ్చింది. పెద్ద గ్లౌజులు ముందే తెప్పించి పెట్టాను. సింకు దగ్గర నిలబడి, గ్లౌజులు తొడుక్కోకుండా చేతిలో పట్టుకుని, "ఇగ చెప్పున్రి సార్. యాసిడ్‌తోనే ఎందుకు కడగాలె?" అని అడిగింది. చెప్పాను. ఆ రోజు నుంచి నేను రిటైరయ్యేదాకా, ఎందుకో చెప్పకుండా ఆమెతో ఏ పనీ చేయించలేదు. నేను ఏ పరీక్ష మొదలుపెట్టినా బ్లాంక్ బుడ్డి కడిగి నా ముందు పెట్టి గానీ ఆమె మిగతావి ముట్టేది కాదు.

మేమిద్దరం ఇప్పటికీ అదే చర్చికి వెళ్తాం. కనబడితే నిలబడి పలకరిస్తుంది, ఆరోగ్యం అడుగుతుంది. ఆ గుమ్మం దగ్గర అందరికీ నేను శామ్యూల్ అన్ననే. ఆమె మాత్రం ఇప్పటికీ సార్ అనే పిలుస్తుంది.